సొంత ల్యాప్‌టాప్‌కి గైడు సంతకమా?

విశ్వవిద్యాలయాల్లో స్త్రీల సమస్యలు అనగానే మనకి హాస్టలు గేటు, మరుగుదొడ్లు, చీకటి పడ్డాక బస్సు లేకపోవటం, లైంగిక వేధింపుల కమిటీ, గైడుల పెత్తనం గుర్తొస్తాయి. వీటి మీద కరపత్రాలు వచ్చాయి, ధర్నాలు జరిగాయి, నిజనిర్ధారణ కమిటీలు వెళ్లాయి. డిపార్ట్‌మెంటు గోడకి నేల నుంచి జానెడు ఎత్తున బిగించి ఉండే చిన్న తెల్ల పెట్టె గురించి మాత్రం కరపత్రం వచ్చినట్టు నేను చూడలేదు. దాన్ని ల్యాన్ పాయింట్ అంటారు. పరిశోధన చేసే అమ్మాయి తన ల్యాప్‌టాప్‌ని ఒక వైరుతో దానికి తగిలిస్తే విశ్వవిద్యాలయం నెట్‌వర్కులోకి వెళుతుంది. తగిలించటం అర నిమిషం పని. తగిలించుకోవటానికి అనుమతి రావాలంటే మూడు వారాలు పట్టటం చూశాను, మూడు నెలలు పట్టటం చూశాను. తిరిగి తిరిగి విసిగి అడగటమే మానేసిన వాళ్లనీ చూశాను. ఇది కంప్యూటర్ల వాళ్ల వ్యవహారం, మన పత్రికలో ఎందుకు అనుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టి చదవాలని కోరుతున్నాను.

చాలాచోట్ల పద్ధతి ఇది. ఒక దరఖాస్తు ఫారం ఉంటుంది. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ల్యాప్‌టాప్ ఏ కంపెనీది, దాని మ్యాక్ అడ్రస్ ఎంత అని రాయాలి. మ్యాక్ అడ్రస్ అంటే కంప్యూటర్లో వైరు తగిలించే భాగానికి తయారీలోనే వేసే గుర్తు. అంకెలూ అక్షరాలూ కలిపి పన్నెండుంటాయి. కింద గైడు సంతకం, ఆ పక్కన డిపార్ట్‌మెంటు హెడ్ సంతకం, ముద్ర. ఆ కాగితం కంప్యూటర్ సెంటర్‌కి వెళితే అక్కడి ఉద్యోగి ఆ పన్నెండు అక్షరాలూ జాబితాలో ఎక్కిస్తాడు. అప్పటి నుంచి ఆ యంత్రం తగిలించినప్పుడు నెట్‌వర్కు దాన్ని గుర్తుపట్టి ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. జాబితాలో లేని యంత్రాన్ని తగిలిస్తే పక్కన చిన్న లైటు వెలుగుతుంది గానీ ఒక్క పేజీ తెరుచుకోదు.

అసలు నమోదే వద్దని నేను అనటం లేదు. ఎవరు పడితే వాళ్లు ఏది పడితే అది తగిలిస్తే ఏమవుతుందో ఆ పని చేసేవాళ్లని అడిగితే చెబుతారు. ఇంట్లో వాడే రౌటర్ తెచ్చి తప్పు రంధ్రంలో వైరు పెట్టి గోడకి తగిలిస్తే, ఆ రౌటరే డిపార్ట్‌మెంటులో అందరికీ తప్పుడు అడ్రసులు పంచటం మొదలుపెడుతుంది. ఒక్కరి తొందర వల్ల అంతస్తు మొత్తానికి నెట్ పోతుంది, ఎవరి వల్ల పోయిందో వెతకటానికి రోజంతా పడుతుంది. వైరస్ ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి వస్తే పక్క వాటికి అంటుకోవచ్చు. ఎవరైనా ఒక ప్రచురణ సంస్థ పత్రికలన్నీ వందల సంఖ్యలో ఒకేసారి దింపుకుంటే ఆ సంస్థ క్యాంపస్ మొత్తానికీ తలుపు మూసేస్తుంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలు సహా చాలా సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లని 180 రోజులు భద్రపరచాలి. కాబట్టి ఏ యంత్రం ఎవరిదో తెలిసుండాలన్నది సబబే.

అయితే దీనికీ గైడు సంతకానికీ ఏమిటి సంబంధం? ఆయనకి మ్యాక్ అడ్రస్ అంటే ఏమిటో తెలియాల్సిన అవసరం లేదు. ల్యాప్‌టాప్‌లో వైరస్ ఉందో లేదో ఆయన చూడడు. ఆ అమ్మాయి ఆ విశ్వవిద్యాలయం స్కాలరేనని నిరూపించటానికి ఆమె గుర్తింపు కార్డు చాలు, ఫీజు రసీదు చాలు. లైబ్రరీలో పుస్తకం తీసుకోవటానికి గైడు సంతకం అడగరు. మెస్సులో అన్నం తినటానికి అడగరు. మరి ఇక్కడ ఎందుకు? ఎందుకంటే స్కాలర్ అనే మనిషి తనంత తానుగా విశ్వవిద్యాలయ సభ్యురాలు కాదని, ఫలానా సారు కింద ఉండే మనిషి అని ఆ ఫారం తయారుచేసిన వాళ్ల మనసులో ఉంది. పెళ్లి కాకముందు తండ్రి పేరు, తర్వాత భర్త పేరు రాయమనే ఫారాలతో మనం ఎన్నేళ్లు కొట్లాడాం! ఇది ఆ వంశానికి చెందిన గడే.

పరిశోధన చేసే అమ్మాయికి గైడు సంతకం ఇప్పటికే నెలనెలా కావాలి. హాజరుకి కావాలి, ఫెలోషిప్‌కి కావాలి, ఫీల్డుకి వెళ్లటానికి కావాలి, సెమినార్‌కి కావాలి, చివరికి థీసిస్ ఇవ్వటానికి కావాలి. మంచి గైడయితే ఇదంతా ఐదు నిమిషాల పని. అందరూ మంచివాళ్లు కారన్న సంగతి మన పత్రిక పాఠకులకి నేను చెప్పాలా? సంతకం కోసం అందరూ వెళ్లిపోయాక సాయంత్రం రమ్మనేవాళ్లు ఉన్నారు. రిపోర్టు టైపు చేసిపెడితే చూద్దాం అనేవాళ్లు ఉన్నారు. ఏ తప్పూ లేకుండానే పదిసార్లు తిప్పేవాళ్లు ఉన్నారు. ఇలాంటి వాళ్ల చేతిలో మరో సంతకం పెట్టటమంటే మరో తాళంచెవి పెట్టటమే. అబ్బాయిలకీ ఇదే ఫారం కదా అనవచ్చు. నిజమే, ఫారం ఒకటే. కానీ అబ్బాయి కంప్యూటర్ సెంటర్‌లో ఉద్యోగితో టీ తాగి, భుజం మీద చెయ్యేసి పని చేయించుకుంటాడు. సంతకం తర్వాత తెస్తానంటే సరేనంటారు. అమ్మాయికి ఆ దారి లేదు, ఉన్నా ఆ దారిన వెళితే రేపు క్యాంటీన్‌లో మాటలు పడాలి. అందుకే కాగితం మీద సమానంగా ఉన్న నిబంధన కారిడార్లో సమానంగా ఉండదు.

డిపార్ట్‌మెంటు ల్యాబులో కంప్యూటర్లున్నాయి గదా, సొంత ల్యాప్‌టాప్ తగిలించుకోవాలని పట్టు దేనికి అని ఒక ప్రొఫెసర్‌గారు నన్ను అడిగారు. ఆమె స్త్రీయే. ఆ ప్రశ్నకి జవాబు కొంచెం వివరంగా చెప్పాలి.

మన అమ్మాయిలు ఏం పరిశోధనలు చేస్తున్నారో చూడండి. బీడీ కార్మికుల మీద, జోగినుల మీద, గృహహింస కేసుల మీద, సాగు చేస్తూ కూడా పట్టా పేరు లేని ఒంటరి స్త్రీల మీద చేస్తున్నారు. ఊళ్లలో స్త్రీలు తలుపులు వేసుకుని చెప్పిన మాటలు రికార్డు చేసుకుని వస్తారు. నా పేరు బయటికి రానీయకమ్మా అని చేతులు పట్టుకుని అడిగితే మాట ఇచ్చి వస్తారు. ఆ మాటలన్నీ ల్యాబులో ఇరవై మంది వాడే కంప్యూటర్లో పెట్టాలా? ఆ కంప్యూటర్ పాస్‌వర్డు చీటీ మీద రాసి తెర పక్కనే అంటించి ఉంటుంది. నిన్న దాచిన ఫైలు ఇవాళ ఉండదు, లేదంటే మరొకడి పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. సొంత యంత్రం అంటే ఇక్కడ విలాసం కాదు, నమ్మి చెప్పినవాళ్లకి ఇచ్చిన మాట నిలబెట్టుకోవటానికి ఉన్న కనీస సాధనం.

ఇక సమయం సంగతి. ల్యాబు ఐదింటికో ఆరింటికో మూస్తారు. పగలంతా అందులో సీనియర్ స్కాలర్లు, అందులోనూ మగపిల్లలు, బ్యాగులు పెట్టి సీట్లు పట్టుకుంటారు. ఇంటి నుంచి రోజూ వచ్చే పెళ్లయిన స్కాలర్ పిల్లని బడికి పంపి పదకొండింటికి వస్తుంది, నాలుగింటికి మళ్లీ బస్సెక్కాలి. ఆమెకి దొరికే ఐదు గంటల్లో రెండు గంటలు కుర్చీ కోసం నిలబడితే మిగిలిందెంత? తన కుర్చీలో తన యంత్రం పెట్టుకుని గోడకి వైరు తగిలించుకోగలిగితే ఆ రెండు గంటలూ ఆమెవే.

వై-ఫై ఉంది కదా, సెల్‌ఫోన్లో డేటా ఉంది కదా అనే మాట కూడా వింటుంటాం. పాత రాతి భవనాల గోడలు దాటి వై-ఫై రాదు, వచ్చినా రెండొందల మంది ఒకేసారి వాడితే నత్తనడక నడుస్తుంది. గంట సేపు ఇంటర్వ్యూ వీడియోని ఫోన్ డేటాతో పంపితే ఆ రోజు డేటా ఆ రోజే అయిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. విశ్వవిద్యాలయాలు చందా కట్టే పరిశోధనా పత్రికలు ప్రధానంగా క్యాంపస్ నెట్‌వర్కు అడ్రసుని చూసి తెరుచుకుంటాయి. బయటినుంచి తెరవటానికి వేరే లాగిన్ ఏర్పాట్లు ఉన్నాయి, అవి పొందటానికి మళ్లీ ఒక ఫారం. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని ఆమోదించింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థల్లో అందరికీ అందాలని మూడేళ్లకి 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. అంతకు ముందు 2010 మార్చిలో నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కి 5,990 కోట్లు కేటాయించారు. దేశంలోని విశ్వవిద్యాలయాలనీ పరిశోధన సంస్థలనీ వేగవంతమైన లైన్లతో కలపటమే దాని ఉద్దేశం. ఢిల్లీ నుంచి క్యాంపస్ గేటు దాకా వేల కోట్లతో లైను వేసి, గేటు నుంచి అమ్మాయి కుర్చీ దాకా ఉన్న ఆఖరి పది గజాలు మాత్రం ఒక సారు మూడ్‌కి వదిలేశారు.

సొంత ల్యాప్‌టాప్ అనేది ఎంత కష్టార్జితమో కూడా గుర్తుంచుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు దేశం మొత్తం మీద మగవాళ్లు 57.1 శాతం, స్త్రీలు 33.3 శాతం. తెలంగాణలో మగవాళ్లు 57.4, స్త్రీలు 26.5. ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్లు 48.8, స్త్రీలు 21.0. మన రెండు రాష్ట్రాల్లోనూ స్త్రీలది దేశ సగటు కన్నా తక్కువే. సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేసే హైదరాబాదు గురించి గొప్పలు చెప్పుకునేటప్పుడు ఈ అంకెలు పక్కన పెట్టుకోవాలి. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ లేని పీహెచ్‌డీ స్కాలర్‌కి యూజీసీ ఇచ్చే ఫెలోషిప్ నెలకి 8,000 రూపాయలు. ఆ ఫెలోషిప్‌ని ఆపబోతే 2015 అక్టోబరులో విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు రోడ్డు మీద పడుకుని కొట్లాడారు. చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అదీ లేదు. ఆ డబ్బుల్లోంచి వాయిదాల మీద ల్యాప్‌టాప్ కొనుక్కున్న అమ్మాయిని ఇంకా వైరు దగ్గర నిలబెడుతున్నాం.

2020 నవంబరులో షాద్‌నగర్‌లో చనిపోయిన విద్యార్థినిని మరిచిపోలేం. ఢిల్లీలోని పేరున్న మహిళా కళాశాలలో గణితం చదువుతోంది. తండ్రి మోటారు సైకిళ్ల మెకానిక్కు, తల్లి కుట్టుపని చేస్తుంది. క్లాసులు ఆన్‌లైన్ అయ్యాక సెకండ్ హ్యాండ్‌దయినా ఒక ల్యాప్‌టాప్ కావాలని అడిగింది. హాస్టలు ఖాళీ చేయాల్సి రావటం, స్కాలర్‌షిప్ డబ్బు సమయానికి రాకపోవటం, ఇవన్నీ కలిసి ఆ పిల్ల ప్రాణం తీశాయి. అప్పుడు అందరం యంత్రం గురించే మాట్లాడాం. యంత్రం చేతికొచ్చాక దాన్ని ఎవరు తగిలించుకోనిస్తారు, ఎప్పుడు తగిలించుకోనిస్తారు అన్న మాట ఆ చర్చలోకి రాలేదు.

కంప్యూటర్ సెంటర్ గురించి రెండు మాటలు. కొన్నిచోట్ల నమోదు చేయటానికి ల్యాప్‌టాప్‌ని అక్కడ వదిలి వెళ్లమంటారు, పాస్‌వర్డు కూడా రాసిమ్మంటారు. యాంటీవైరస్ వేయాలి, రేపు రండి అంటారు. ఎవరూ ఇవ్వకూడదు. మ్యాక్ అడ్రస్ తెలుసుకోవటానికి ల్యాప్‌టాప్ ఒక రాత్రి అక్కడ ఉండాల్సిన పని లేదు. సెట్టింగ్స్‌లో మనమే చూసి రాసుకోవచ్చు, నిమిషం పని. యాంటీవైరస్ ఉందో లేదో మన ముందే కూర్చుని చూడవచ్చు. లోపల మన ఫోటోలు, ఉత్తరాలు, ఇంటర్వ్యూలు ఉంటాయి. ఇది మీకు అర్థం కాదు మేడమ్ అని ఎవరైనా అంటే ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. నెట్‌వర్కు స్విచ్చుల మధ్య సమాచారం గిరగిరా తిరుగుతూ వ్యవస్థ స్తంభించిపోకుండా చూసే పద్ధతిని 1985లో రూపొందించింది రేడియా పెర్ల్‌మన్ అనే స్త్రీ. ఆ ఉద్యోగి బీరువాలో ఉన్న పెట్టెల్లో చాలామటుకు ఆమె పద్ధతితోనో దాని తర్వాతి రూపాలతోనో నడుస్తున్నవే.

ఇంకో చిక్కు కొత్తది. ఈమధ్య వచ్చే సన్నటి ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి వైరు పెట్టే రంధ్రమే ఉండదు. యూఎస్‌బీకి తగిలించే చిన్న అడాప్టర్ ఒకటి కొనుక్కోవాలి. అప్పుడు నెట్‌వర్కుకి సాధారణంగా కనిపించే మ్యాక్ అడ్రస్ ఆ అడాప్టర్‌దే. గదిలో ముగ్గురమ్మాయిలు డబ్బులేసుకుని ఒక అడాప్టర్ కొని, ఒకరి పేరు మీద నమోదు చేయించి ముగ్గురూ వాడుకుంటారు. డబ్బు లేని చోట ఇది సహజం. కానీ రేపు ఏదైనా గొడవ వస్తే నోటీసు వచ్చేది ఆ ఒక్కరికే, ఆ రోజు ఆమె ఊళ్లో లేకపోయినా సరే. యంత్రాన్ని గుర్తుపట్టే పద్ధతిలో ఈ లోపం ఉంది. మనిషిని తన పేరు, పాస్‌వర్డుతో గుర్తుపట్టే పద్ధతి వైర్ల నెట్‌వర్కుకి 2001 నుంచే ప్రమాణంగా ఉంది, దాన్ని 802.1ఎక్స్ అంటారు. విశ్వవిద్యాలయం అడ్మిషన్ ఇచ్చిన రోజే లాగిన్ ఇస్తే ఏ పాయింట్‌లో తగిలించినా అదే పని చేస్తుంది. దానికి పనికొచ్చే స్విచ్చులు కావాలి, నడిపే మనిషి కావాలి, అన్నిచోట్లా రేపే సాధ్యం కాదు. అప్పటిదాకా మ్యాక్ అడ్రస్సే రాసుకోండి, సంతకాలు మాత్రం తీసేయండి అంటున్నాను.

నమోదయ్యాక సమస్య తీరిందనుకోవద్దు. నెట్‌వర్కు నడిపేవాళ్లకి మనం రాసిన ఉత్తరంలోని మాటలు సాధారణంగా కనిపించవు గానీ, ఏ సైటుకి ఎప్పుడు వెళ్లామో చాలావరకు కనిపిస్తుంది. విడాకుల లాయరు సైటు చూసిందా, గర్భస్రావం గురించి చదివిందా, మహిళా కమిషన్ సైటుకి వెళ్లిందా అన్నది లాగ్‌లో ఉంటుంది. లాగ్ భద్రపరచమని చట్టం చెబితే భద్రపరచండి. అది ఎవరు చూడవచ్చు? హెడ్ మీద ఫిర్యాదు చేసిన అమ్మాయి లాగ్‌ని ఆ హెడ్ ఫోన్ చేసి తెప్పించుకోగలిగితే ఆ ఫిర్యాదు గతి ఏమిటి? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. రాతపూర్వక ఆదేశం లేకుండా లాగ్ ఎవరికీ చూపించకూడదని, చూపిస్తే ఎవరికి ఎందుకు చూపించారో రిజిస్టర్‌లో రాయాలని విశ్వవిద్యాలయాలు నియమం పెట్టుకోవాలి.

హాస్టళ్ల దగ్గరికి వస్తే, భద్రత పేరుతో రాత్రి నెట్ ఆపేయటం ఉంది. కేరళలో కోళికోడ్ జిల్లా కళాశాల విద్యార్థిని ఫహీమా షిరీన్ ఫోను అప్పగించటానికి ఒప్పుకోనందుకు హాస్టలు నుంచి పంపేశారు. ఆమె హైకోర్టుకి వెళితే 2019 సెప్టెంబరు 19న జస్టిస్ పి.వి. ఆశ ఆమెని తిరిగి చేర్చుకోమని ఆదేశించారు. ఇంటర్నెట్ అందుబాటు హక్కు విద్యాహక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమని చెప్పారు. స్త్రీల భద్రతని సాకుగా చూపి మగపిల్లల హాస్టళ్లకి లేని వివక్షా నియమాలు ఆడపిల్లల హాస్టళ్లకి పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనలు (2016లో అమల్లోకి వచ్చాయి) చెబుతున్నాయి. రాత్రి ఎనిమిదింటికి అమ్మాయిని గేటు లోపల పెట్టి, డిపార్ట్‌మెంటు వైరు గేటు బయట ఉంచితే అది వివక్ష అవునా కాదా? అర్ధరాత్రి దాకా డిపార్ట్‌మెంటులో కూర్చునే అబ్బాయికి నెట్‌వర్కు ఉంది. ఈమెకి లేదు. ఈమె హాస్టలు గదిలో పాయింటు ఉండి తీరాలి, లేదంటే గేటు తెరవాలి. రెంటిలో ఒకటి చేయండి అని మనం అడగాలి. రెండూ చేస్తే మరీ మంచిది.

ప్రసూతి సెలవు సంగతి చాలామందికి తట్టదు. పీహెచ్‌డీ చేసే స్త్రీలకి 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, గడువు మీద అదనంగా రెండేళ్లు యూజీసీ నిబంధనల్లో ఉన్నాయి. నెట్‌వర్కు నమోదు మాత్రం ఏడాదికో, మామూలు గడువు దాకానో ఇస్తారు. పసిపిల్లని తల్లి దగ్గర వదిలి తిరిగొచ్చిన స్కాలర్‌కి లైటు వెలుగుతుంది, పేజీ రాదు. మళ్లీ ఫారం, మళ్లీ గైడు, మళ్లీ హెడ్. నమోదు గడువు పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ గడువుతో పాటే నడవాలని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేదానికి ఇన్ని కాళ్లరిగే తిరుగుళ్లు.

మన స్వచ్ఛంద సంస్థల ఆఫీసులు కూడా దీనికి మినహాయింపు కాదని పక్కన చెప్పుకోవాలి. డైరెక్టరుగారి గదిలో రౌటర్, ఫీల్డు కార్యకర్త తన ఫోన్ రీచార్జ్‌తో నివేదికలు పంపటం ఎక్కడ లేదు?

ముందుగా చేయగలిగిన పని ఒకటుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలన్నీ 2005 సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. సొంత ల్యాప్‌టాప్ నమోదుకి రాతపూర్వక నియమం ఉందా, ఉంటే ప్రతి ఇవ్వమని అడగండి. గైడు సంతకం ఏ తీర్మానం ప్రకారం అడుగుతున్నారో అడగండి. గత రెండేళ్లలో డిపార్ట్‌మెంటు వారీగా ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఒక్కొక్కదానికి ఎన్ని రోజులు పట్టింది, అందులో స్త్రీలవి ఎన్ని అని అడగండి. పేర్లు అడగొద్దు, వ్యక్తిగత సమాచారమని తిప్పికొడతారు. పురుషుల హాస్టళ్లలో ఎన్ని ల్యాన్ పాయింట్లు పనిచేస్తున్నాయి, మహిళల హాస్టళ్లలో ఎన్ని పనిచేస్తున్నాయి అన్నది వేరే ప్రశ్నగా అడగండి. ‘ఉన్నాయి’ అని కాకుండా ‘పనిచేస్తున్నాయి’ అని రాయటం మరిచిపోవద్దు. వచ్చిన జవాబులు పత్రికకి పంపితే విశ్వవిద్యాలయాల వారీగా పట్టిక వేద్దాం.